అమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కి ఏ హాస్పిటల్?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. మా అమ్మకు 66 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ బాగా అరిగిపోయాయి, మార్చాల్సిందేనని డాక్టర్లు చెప్పారు. షుగర్ కూడా ఉంది. హైదరాబాద్‌లో రెండు హాస్పిటళ్ళు చూసి వచ్చాం. ఒకటి కొత్తది, పెద్దది. గూగుల్‌లో 4.8 స్టార్లున్నాయి, లోపలికి వెళ్తే హోటల్లా ఉంది. రెండోది పాతది, 4.1 స్టార్లు. పార్కింగ్ లేదు, ఓపీలో మూడు గంటలు కూర్చోబెట్టారు. కానీ మా పక్కింటి పెద్దమ్మకు అక్కడే చేశారు, ఆవిడ ఇప్పుడు గుడికి నడిచి వెళ్తోంది. అమెరికాలో ఉన్న అన్నయ్యేమో "ఇక్కడ ఏ హాస్పిటల్ ఎలాంటిదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పక్కపక్కన పెట్టి చూస్తాం, మన దగ్గర అలాంటిది లేదా?" అంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే చర్చ. అమ్మకు టెన్షన్ పెరిగిపోతోంది. ఈ రెండింటినీ ఎలా పోల్చుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు:

మీ ఉత్తరంలో నా కన్ను ముందు ఆగింది "షుగర్ కూడా ఉంది" అన్న మాట దగ్గర. స్టార్ల సంగతి, పార్కింగ్ సంగతి మూడు వాక్యాలు రాశారు, షుగర్ గురించి మాత్రం ఒక్క మాటతో సరిపెట్టారు. మీ తప్పు కాదు, హాస్పిటల్‌కి వెళ్తే మన కళ్ళకు కనిపించేవి అవే. కానీ మీ అమ్మగారికి ఏ హాస్పిటల్ మంచిదో తేల్చేది చాలావరకు ఆ షుగరే. దాని దగ్గరికి వస్తాను.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు నర్సుగా పనిచేశాను. చివరి పదకొండేళ్ళు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళలో ఎవరికి కుట్లు చీము పట్టాయి, ఎవరు మళ్ళీ అడ్మిట్ అయ్యారు అని లెక్క రాయడమే నా పని. కాబట్టి స్టార్ల గురించి, పేషెంట్ల అభిప్రాయాల గురించి నేను చెప్పేది బయట నుంచి విన్నది కాదు.

మేం డిశ్చార్జ్ రోజున ఒక ఫారం ఇచ్చేవాళ్ళం. డాక్టర్లు ఎలా చూశారు, నర్సులు ఎలా చూశారు, భోజనం ఎలా ఉంది, శుభ్రత ఎలా ఉంది అని పది పన్నెండు ప్రశ్నలు, పక్కన గళ్ళు. పొద్దున పదకొండింటికి "ఇవాళ ఇంటికి వెళ్ళొచ్చు" అంటారు, ఫైనల్ బిల్లు వచ్చేసరికి నాలుగవుతుంది. ఈలోగా అటెండెంట్ ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఎక్స్‌రేల కవరు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు. అప్పుడు ఆ ఫారం చేతికొస్తుంది. ఒకాయన పెన్ను తీసుకుని "చాలా బాగుంది" అన్న గడిలో పై నుంచి కిందదాకా వరసగా టిక్కులు కొట్టుకుంటూ వెళ్ళి, తలెత్తి నన్ను అడిగాడు, "ఇది రాసిస్తే బిల్లు తొందరగా వస్తుందామ్మా?" అని. వాళ్ళ నాన్నగారికి నడుం కింద పుండు పడింది. మంచం మీద పక్కకు తిప్పేవాళ్ళు లేక పడిన పుండు. ఆ పొద్దున దానికి కట్టు మార్చింది నేనే. ఫారంలో మాత్రం నర్సింగ్ చాలా బాగుంది.

ఆ రోజు నుంచి నేను డిశ్చార్జ్ అయిన పదో రోజున ఇళ్ళకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఇంట్లో, తమ మంచం మీద కూర్చుని మాట్లాడేవాళ్ళు వేరే మనుషులు. "రాత్రి బెల్లు కొడితే అరగంటకు గానీ ఎవరూ రాలేదమ్మా," "ఆ తెల్ల మాత్ర దేనికో ఇప్పటికీ తెలీదు, వేసుకోమన్నారు, వేసుకుంటున్నాం," "కట్టు తడిసింది, ఎవరిని అడగాలో తెలీక పసుపు రాశాం." ఈ మాటల్లో ఏ ఒక్కటీ ఫారాల్లో ఉండేది కాదు.

గూగుల్ స్టార్లు కూడా చాలావరకు ఆ కౌంటర్ దగ్గరి ఫారం లాంటివే. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చేతికిచ్చి "సార్, ఒక్క రేటింగ్ ఇవ్వండి" అంటే ఎవరు కాదంటారు? బాగా కోపం వచ్చినవాళ్ళు ఒక్క స్టార్ ఇస్తారు, అదీ ఎక్కువగా బిల్లు మీద, ఓపీలో ఆలస్యం మీద, సెక్యూరిటీ వాడి నోటి దురుసు మీద. మోకాలికి ఆరు నెలల తర్వాత ఏమైందో రాయడానికి ఎవరూ తిరిగి రారు. అందుకని 4.8కీ 4.1కీ మధ్య తేడాలో మీ అమ్మగారి మోకాలి గురించిన సమాచారం దాదాపు ఏమీ లేదనే నేను నమ్ముతాను. ఆ రివ్యూలను చదవొద్దని కాదు. అంకె వదిలేసి మాటలు చదవండి. ఒకే ఫిర్యాదు వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాసి ఉంటే, ఉదాహరణకు "డిశ్చార్జ్ తర్వాత ఫోన్ ఎత్తరు" అని ఐదారుగురు రాసి ఉంటే, అది పట్టించుకోవాల్సిన విషయం.

ఇక మీ అన్నయ్యగారు చెప్పింది నిజమే. అమెరికాలో హాస్పిటల్‌లో ఉండి వెళ్ళిన పేషెంట్లను ఒకే రకం ప్రశ్నలతో దేశమంతా అడిగే సర్వే 2006లో మొదలైంది, 2008 నుంచి ఫలితాలు అందరికీ కనిపించేలా పెడుతున్నారు. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది ప్రశ్నలు అడిగే తీరు. ఇంటికి వెళ్ళాక, కనీసం రెండు రోజులు ఆగి, ఆరు వారాల లోపు అడుగుతారు. కౌంటర్ దగ్గర కాదు. పైగా "బాగుందా?" అని అడగరు. "నర్సులు మీరు చెప్పింది శ్రద్ధగా విన్నారా? మీకు అర్థమయ్యేలా చెప్పారా? కొత్త మందు ఇచ్చేముందు అది దేనికో చెప్పారా?" అని అడిగి, ఎప్పుడూ లేదు, ఒక్కోసారి, చాలాసార్లు, ప్రతిసారీ అని నాలుగు జవాబులిస్తారు. ఎంత నచ్చిందన్నది మనిషిని బట్టి మారుతుంది. ఎన్నిసార్లు జరిగిందన్నది అంతగా మారదు.

మన దగ్గర ప్రైవేటు హాస్పిటళ్ళన్నిటినీ అలా పక్కపక్కన పెట్టి చూపించే పట్టిక లేదు. ప్రభుత్వాసుపత్రులకు కేంద్రం 2016లో "మేరా అస్పతాల్" అని పేషెంట్ల అభిప్రాయాలు తీసుకునే ఏర్పాటు మొదలుపెట్టింది గానీ, మీ అవసరానికి అది సరిపోదు. అయితే ఆ సర్వే ప్రశ్నలను మనం వాడుకోవడానికి అడ్డేముంది? మీ పక్కింటి పెద్దమ్మగారు ఉన్నారు కదా. ఆవిడను "ఆ హాస్పిటల్ బాగుందా పెద్దమ్మా?" అని అడిగితే "బంగారంలాంటి డాక్టరమ్మా" అంటుంది, అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా ఓ సాయంత్రం పక్కన కూర్చుని అడగండి. రాత్రి బెల్లు కొడితే ఎంతసేపటికి వచ్చేవాళ్ళు? నొప్పి తట్టుకోలేనప్పుడు ఎవరికి చెప్పారు, ఏం చేశారు? మొదటిసారి ఏ రోజు నిలబెట్టారు, పక్కన ఎవరున్నారు? ఇంటికి పంపేటప్పుడు మందుల సంగతి కూర్చోబెట్టి చెప్పారా, చీటీ చేతిలో పెట్టి పంపేశారా? కట్టు విప్పింది ఎవరు? ఇలా నాలుగైదు అడిగేసరికి ఆ హాస్పిటల్ లోపలి రాత్రి మీ కళ్ళకు కడుతుంది. వీలైతే కొత్త హాస్పిటల్‌లో చేయించుకున్న ఇద్దరిని కూడా వెతికి ఇవే అడగండి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పేషెంటు చెప్పగలిగినవి కొన్నే. తనతో ఎలా మాట్లాడారు, నొప్పి చూశారా, ఇంటికి వెళ్ళాక ఏం చేయాలో చెప్పారా, ఈ విషయాల్లో పేషెంటును మించిన సాక్షి లేడు. కానీ ఆపరేషన్ థియేటర్‌లో పనిముట్లు సరిగ్గా శుభ్రమయ్యాయా, ఇంప్లాంట్, అంటే లోపల పెట్టే కృత్రిమ కీలు, సరైన కోణంలో కూర్చుందా అన్నది మత్తులో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? 2012లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు సుమారు 52 వేల మంది వివరాలు చూసి ఒక విషయం ప్రచురించారు. తమ డాక్టర్ల పట్ల బాగా తృప్తిగా ఉన్నవాళ్ళకు ఖర్చు ఎక్కువైంది, ఎక్కువమంది హాస్పిటల్‌లో అడ్మిట్ అయ్యారు, చనిపోయే అవకాశం కూడా 26 శాతం ఎక్కువగా కనిపించింది. తృప్తి వల్ల చనిపోయారని దీని అర్థం కాదు. అడిగిన ప్రతి పరీక్షా, ప్రతి మందూ ఇచ్చేవాళ్ళు మనకు నచ్చుతారు, అది మన ఒంటికి మేలు చేయాలని లేదన్నది ఒక అనుమానం. మరోవైపు, పేషెంట్లు తృప్తిగా ఉన్నామన్న హాస్పిటళ్ళలో నెల లోపు మళ్ళీ అడ్మిట్ అయ్యేవాళ్ళు తక్కువని చూపించిన పరిశోధనలూ ఉన్నాయి. రెండూ చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: మాట, మర్యాద, వివరంగా చెప్పడం ఒక తూకం. చేతి పని, శుభ్రత, ఫలితం ఇంకో తూకం. ఒకదాని రాయి ఇంకో దాంట్లో వేసి తూచకూడదు.

రెండో తూకానికి అంకెలు కావాలి. అవి హాస్పిటల్ దగ్గరే ఉంటాయి. అడిగితే చెబుతారా అని సందేహించకండి. ఎన్ఏబీహెచ్ గుర్తింపు పేరు వినే ఉంటారు, హాస్పిటళ్ళ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే బోర్డు అది, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేస్తుంది. ఆ గుర్తింపు ఉన్న హాస్పిటల్ ఇన్‌ఫెక్షన్లు ఎన్ని, మంచం మీద నుంచి పడిపోయినవాళ్ళు ఎంతమంది, పుండ్లు పడినవాళ్ళు ఎంతమంది అని లెక్కలు రాసుకోవాల్సిందే. గోడ మీద సర్టిఫికెట్ కనిపిస్తే రెండు విషయాలు చూడండి. పూర్తి గుర్తింపా, మొదటి మెట్టు అయిన ఎంట్రీ లెవెలా? గడువు ఉందా, అయిపోయిందా? బోర్డు వెబ్‌సైట్‌లో హాస్పిటల్ పేరుతో వెతికితే తెలిసిపోతుంది. ఆ సర్టిఫికెట్ ఉంటే పద్ధతంటూ ఒకటి ఉన్నట్టు. మీ సర్జన్ చేయి మంచిదని మాత్రం అది చెప్పదు.

సర్జన్‌ని కలిసినప్పుడు సూటిగా, మర్యాదగా అడగండి. "సార్, మీరు ఏడాదికి మోకాళ్ళ మార్పిడి ఎన్ని చేస్తారు? పోయిన ఏడాది చేసినవాళ్ళలో ఎంతమందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది? ఎంతమందిని మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది?" ఈ ఆపరేషన్ ఎక్కువగా చేసే చోట ఇబ్బందులు తక్కువని చాలా దేశాల అనుభవం. ఇన్‌ఫెక్షన్ విషయానికొస్తే, మంచి చోట్ల కూడా నూటికి ఒకరిద్దరికి వస్తుంది. కాబట్టి "మా దగ్గర సున్నా అమ్మా" అంటే నాకు ధైర్యం రాదు, భయమే వేస్తుంది. ఇంప్లాంట్ పెట్టిన ఆపరేషన్‌కి 90 రోజుల దాకా చూసి లెక్కగట్టాలి. పేషెంటేమో నాలుగో రోజో ఐదో రోజో ఇంటికి వెళ్ళిపోతాడు. చీము పడితే ఊళ్ళో డాక్టర్ దగ్గరికి పోతాడు. వెంటపడి ఫోన్ చేయని హాస్పిటల్‌కి ఎప్పుడూ సున్నాయే వస్తుంది. నేను పదో రోజు ఫోన్లు మొదలుపెట్టిన మొదటి మూడు నెలల్లో మా ఇన్‌ఫెక్షన్ల అంకె పెరిగింది. మేం అధ్వానం కాలేదు, చూడటం మొదలుపెట్టాం. అందుకే "ఎంత శాతం?" అన్న వెంటనే "డిశ్చార్జ్ తర్వాత ఎన్నాళ్ళ దాకా కనుక్కుంటారు?" అని కూడా అడగండి.

అంకెలతో పెద్దవాళ్ళే పొరబడ్డారు. మా నర్సులందరికీ గురువు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లో అచ్చువేయించిన పట్టికలో లండన్ హాస్పిటళ్ళు 24 కలిపి చూస్తే మరణాలు నూటికి 90 పైనే అని ఉంది. అంత ఘోరం నిజంగా లేదు. ఏడాది పొడవునా చనిపోయినవాళ్ళ సంఖ్యను ఒక్క రోజున మంచాల మీద ఉన్నవాళ్ళ సంఖ్యతో భాగించారు. అప్పట్లోనే డాక్టర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆమె మీద నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. హాస్పిటళ్ళన్నీ ఒకే పద్ధతిలో లెక్కలు రాసి బయటపెట్టాలని పట్టుబట్టింది ఆమే. కానీ ఎవరైనా మీకు శాతం చెబితే "ఎంతమందిలో?" అన్న ప్రశ్న నోటి చివర ఉండాలి. ఇరవై మందిలో సున్నా వేరు, ఎనిమిది వందల మందిలో తొమ్మిది వేరు.

ఇంకో చిక్కు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 1990ల మొదట్లో గుండె బైపాస్ ఆపరేషన్లలో మరణాలను హాస్పిటల్ వారీగా, తర్వాత సర్జన్ వారీగా బయటపెట్టారు. పేషెంటు వయసు, మిగతా జబ్బులు లెక్కలోకి తీసుకునే అంకెలు వేశారు. మరణాలు తగ్గాయి. కానీ తమ అంకె చెడుతుందని కొందరు సర్జన్లు కష్టమైన కేసులను వదిలించుకుంటున్నారన్న మాట కూడా వచ్చింది. మన దగ్గరా అంతే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే ఎంచుకుని చేసేచోట ఫలితాలు తళతళలాడతాయి. మీ అమ్మగారికి షుగర్ ఉంది. కాబట్టి మీరు అడగాల్సింది "మీ ఫలితాలెలా ఉన్నాయి?" అని కాదు, "షుగర్ ఉన్న అరవై దాటినవాళ్ళకు మీరు చేస్తే ఎలా ఉంది?" అని.

ఇప్పుడు ఆ షుగర్ సంగతి. రెండు హాస్పిటళ్ళకూ వెళ్ళొచ్చారు కదా, ఒకసారి గుర్తు చేసుకోండి. రెండింటిలో ఎవరు మీ అమ్మగారి మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, అడిగారు? ఎవరు పుచ్చిపళ్ళు ఉన్నాయా అని నోరు తెరిపించి చూశారు? మూత్రంలో మంట ఉందా అని ఎవరు అడిగారు? కాలివేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయి ఉందేమో చీర కొంచెం పైకి తీయించి ఎవరు చూశారు? షుగర్ అదుపులో లేనివాళ్ళకు మోకాలి ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ. ఒంట్లో ఎక్కడ చీము ఉన్నా అది కొత్త మోకాలికి చేరొచ్చు. హెచ్‌బీఏ1సీ 7.5 లేదా 8 కన్నా కిందికి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేసే సర్జన్లు చాలామంది ఉన్నారు. రిపోర్టు ఏదీ చూడకుండానే "వచ్చే బుధవారం ఖాళీ ఉంది, అడ్వాన్స్ కట్టండి" అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకు ఎన్ని స్టార్లున్నా నేనైతే మా అమ్మను అక్కడికి తీసుకెళ్ళను. "ముందు షుగర్ తగ్గించుకుని రండమ్మా, రెండు నెలలు పట్టినా ఫర్వాలేదు" అన్నవాళ్ళు ఓపీలో మూడు గంటలు కాదు, ఐదు గంటలు కూర్చోబెట్టినా కూర్చోండి.

రెండు మోకాళ్ళూ ఒకే రోజు చేస్తామన్నారా, ఒకటి చేసి కొన్ని వారాల తర్వాత ఇంకోటి చేస్తామన్నారా అన్నది మీరు రాయలేదు. ఒకే రోజు చేస్తే మత్తు ఒక్కసారే, ఖర్చు కొంత కలిసొస్తుంది. కానీ గుండె మీద భారం ఎక్కువ. ఇది సర్జన్ ఒక్కరే తేల్చేది కాదు. గుండె పరీక్షలు చూసి మత్తు డాక్టర్ కూడా ఒప్పుకోవాలి. ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టర్‌ని కూర్చోబెట్టి మాట్లాడించే ఏర్పాటు ఏ హాస్పిటల్‌లో ఉందో అది కూడా మీ తూకంలో వేసుకోండి.

మళ్ళీ హైదరాబాద్ వెళ్ళినప్పుడు పగలు కాదు, రాత్రి ఎనిమిది దాటాక వార్డు వైపు వెళ్ళండి. లాబీ ఎంత మెరిసినా పేషెంటు బతికేది రాత్రి వార్డులోనే. డ్యూటీ మారే వేళ అది. పగటి సిస్టర్ రాత్రి సిస్టర్‌కి మంచం పక్కన నిలబడి ఒక్కొక్కరి సంగతి అప్పజెబుతోందా, కౌంటర్ దగ్గర రిజిస్టర్ మీద సంతకం పెట్టి వెళ్ళిపోతోందా చూడండి. "ఈ వార్డులో రాత్రి ఎంతమంది సిస్టర్లుంటారమ్మా?" అని అడగండి, మంచాలు లెక్కపెట్టండి. మామూలు వార్డులో ఒకరికి ఆరుగురు పేషెంట్లయితే మంచిదే. ఒకరికి పదిహేను మంది అయితే ఆ పిల్ల ఎంత మంచిదైనా మీ అమ్మగారి బెల్లుకు వెంటనే రాలేదు. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 హాస్పిటళ్ళను చూసి చేసిన పరిశోధనలో, ఒక నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగినకొద్దీ ఆపరేషన్ అయినవాళ్ళు నెల లోపు చనిపోయే ముప్పు సుమారు 7 శాతం చొప్పున పెరిగిందని తేలింది. ఆ అంకె నాకు కొత్త అనిపించలేదు. నలభై మంచాల వార్డులో ఇద్దరం రాత్రి డ్యూటీ చేసిన రోజులున్నాయి నాకు.

మంచం కాళ్ళవైపు చేతులు రుద్దుకునే మందు సీసా వేలాడుతూ ఉంటుంది. నొక్కి చూడండి, వస్తుందా? ఎప్పుడు తెరిచారో తేదీ రాసి ఉందా? సీసా ఎండిపోయి దుమ్ము పట్టి ఉంటే, అక్కడ ఒక పేషెంట్‌ని ముట్టుకున్న చేతితోనే ఇంకో పేషెంట్‌ని ముట్టుకుంటున్నారని అర్థం. నేను ఏ హాస్పిటల్‌కి చుట్టపు చూపుగా వెళ్ళినా చేయి ముందు ఆ సీసా మీదికే పోతుంది. మాత్ర ఇచ్చేముందు సిస్టర్ పేషెంట్ పేరు అడుగుతోందా, చేతి పట్టీ చూస్తోందా అన్నది ఇంకోటి. థియేటర్‌కి తీసుకెళ్ళేముందు ఏ కాలో పెన్నుతో గుర్తు పెడతారా అని కూడా అడగండి. ఆపరేషన్ వేళ సరిచూసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో ఒక చెక్‌లిస్ట్ తయారుచేసింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రచురిస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పేరు అడగడం, గుర్తు చూడటం, గుడ్డలు లెక్కపెట్టడం లాంటి చిన్న పనులే అవన్నీ. "మీరు ఆ చెక్‌లిస్ట్ వాడతారా?" అన్న ప్రశ్నకు ఏ మంచి సర్జనూ చిరాకుపడడు.

డబ్బు గురించి క్లుప్తంగా చెప్తాను. మోకాలి ఇంప్లాంట్ ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, జీఎస్‌టీ అదనం. ఆ పరిమితిని తర్వాత పొడిగిస్తూ వచ్చారు. కాబట్టి రెండు హాస్పిటళ్ళ ప్యాకేజీల్లో లక్షల తేడా ఉంటే అది ఇంప్లాంట్‌ది కాకపోవచ్చు, గది అద్దె, రోబో, మిగతా ఛార్జీలు కావచ్చు. దేనికి ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అతికిస్తారు, దాని ఫోటో తీసుకోండి. పదేళ్ళ తర్వాత అవసరం పడొచ్చు. కేస్ షీట్ కాపీ మీరు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన 2002 నుంచే ఉంది.

ఒక్క మాట అమ్మగారితో కూడా మాట్లాడాలి. మోకాళ్ళు మార్చుకున్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరు, ఆపరేషన్ బాగానే జరిగినా, తృప్తిగా లేమంటారని పలు దేశాల్లో తేలింది. ఆపరేషన్‌కి ముందు పెట్టుకున్న ఆశకూ తర్వాత వచ్చిన కాలికీ మధ్య తేడా అందులో పెద్ద కారణం. మన ఇళ్ళల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. పీట వేసుకుని కూరలు తరగడం, బాసింపట్టు వేసుకుని పూజలో కూర్చోవడం, గొంతుకు కూర్చోవడం, ఇవన్నీ కొత్త మోకాలితో వద్దంటారు. నొప్పి తగ్గుతుంది, నడక వస్తుంది. కింద కూర్చోవడం మాత్రం మానుకోవాలి. ఇది ఆపరేషన్‌కి ముందే అమ్మగారికి ఎవరు నోరు తెరిచి చెప్పారు? పక్కింటి పెద్దమ్మ గుడికి నడిచి వెళ్తున్న మాట నిజమే. అక్కడ కుర్చీలో కూర్చుంటోందా, కింద కూర్చుంటోందా చూశారా? అమ్మగారికి కూడా చూపించండి. టెన్షన్‌లో సగం ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్లే వస్తుంది. పోతే, ధైర్యం చెప్పడానికి ఒక అంకె కూడా ఉంది. 2019లో రెండు దేశాల రికార్డులు కలిపి చూస్తే, పూర్తిగా మార్చిన మోకాళ్ళలో సుమారు 82 శాతం 25 ఏళ్ళ దాకా పనిచేస్తాయని తేలింది.

మీది ఖమ్మం కావడం వల్ల ఇంకోటి చూడాలి. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల దూరం. కుట్లు తీసేది రెండు వారాలకు. ఈలోగా పిక్క వాచినా, కట్టు తడిసినా, జ్వరం వచ్చినా ఎవరిని అడుగుతారు? వాకర్‌తో నడిపించడానికి, మోకాలు వంచడానికి ఖమ్మంలో ఫిజియోథెరపిస్ట్‌ని వాళ్ళే చూపిస్తారా, మీరే వెతుక్కోవాలా? మోకాలి ఆపరేషన్‌లో సగం పని థియేటర్‌లో అయితే మిగతా సగం మీ ఇంటి వరండాలో జరుగుతుంది. ఖమ్మంలోనే ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ ఉంటే ఆయన్నీ కలిసి ఇవే ప్రశ్నలు అడగండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలో పంజాగుట్ట నిమ్స్ మొదలైందే ఎముకల ఆసుపత్రిగా. ఎదురుచూడగలిగితే అక్కడా చూపించుకోవచ్చు.

నన్ను తేల్చి చెప్పమంటే, మీరు రాసినంతలో నా మొగ్గు పాతదాని వైపే కొంచెం ఉంది, ఎందుకంటే అక్కడ నడుస్తున్న మనిషి ఒకరు మీ కళ్ళముందు ఉన్నారు. కానీ ఒక్క మనిషి లెక్క లెక్క కాదు. కాబట్టి ఒక నోట్‌బుక్ తీసుకుని నడిమధ్య గీత గీయండి. అటు ఒకటి, ఇటు ఒకటి. హెచ్‌బీఏ1సీ అడిగారా, ఏడాదికి ఎన్ని, ఇన్‌ఫెక్షన్ ఎంతమందిలో ఎంత, ఎన్నాళ్ళ దాకా కనుక్కుంటారు, రాత్రి సిస్టర్లు ఎందరు. జవాబు చెప్పకుండా దాటేసిన చోట గడి ఖాళీగానే వదిలేయండి. అన్నయ్యకు ఫోటో తీసి పంపండి. ఆయన అడిగిన పట్టిక అదే.

డిశ్చార్జ్ తర్వాత ఫోన్ చేయడానికి ఏ నంబర్ ఇస్తారో రెండు చోట్లా అడిగి తీసుకోండి. ఖమ్మం వచ్చేశాక ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక ఆ రెండు నంబర్లకూ చేసి, "మోకాలి ఆపరేషన్ పేషెంటుకు కట్టు తడిస్తే ఏం చేయాలి?" అని అడగండి. ఎవరు ఎత్తారో, ఎన్ని రింగులకు ఎత్తారో, ఏమన్నారో అదీ ఆ నోట్‌బుక్‌లో రాయండి. రేపు పొద్దునే మాత్రం అమ్మగారికి హెచ్‌బీఏ1సీ చేయించండి. దానికి హైదరాబాద్ దాకా వెళ్ళక్కర్లేదు.